పక్కన పెట్టిన పది మొగ్గలు

ఫిబ్రవరి చివర్లో నోర్మా కోళ్లకు గింజలు చల్లి వెనక్కి తిరుగుతూ, నాచు పట్టిన మెట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. వెనిస్‌లోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, మళ్లీ నడక నేర్పించడానికి లీదో లంకలో ఇంకో ఆసుపత్రికి పంపారు. మే నెల మొదట్లో గాని ఇంటికి పంపమన్నారు డాక్టర్లు. ఆ మాట వినగానే ఆమె అడిగింది తన కాలు సంగతి కాదు.

“అయితే ఆర్టిచోకులు ఎవరు కోస్తారు?” అంది.

ఇంట్లో మిగిలింది భర్త ఓరెస్తె ఒక్కడే.

మా సాంతెరాస్మో లంకలో ఓరెస్తెని ఎరగనివాళ్లు లేరు. ముప్పై మూడేళ్లు రేవు లాంచీకి సరంగుగా చేశాడు. దారి గుర్తుకు నీళ్లలో పాతిన గుంజ కూడా కనపడని పొగమంచులో సైతం జనాన్ని పనుల్లోకి చేర్చి, సాయంత్రానికి ఇళ్లకు తెచ్చినవాడు. రిటైరై ఆరేళ్లయినా అతనికి నేల మీద కాలు నిలవదు. పొద్దున లేచీ లేవగానే తన చిన్న పడవ విప్పుకుని లంక చుట్టూ ఉన్న ఉప్పునీటి కయ్యలోకి పోయేవాడు, అన్నం వేళకు తిరిగొచ్చేవాడు. ఇంటి వెనక నూటపది ఆర్టిచోక్ మొక్కలున్నాయని అతనికి తెలుసు, అవి కంచంలోకి వస్తాయి కాబట్టి. వాటి మధ్య నడిచింది మాత్రం బహుతక్కువ.

ఇప్పుడు నడవక తప్పలేదు. బూడిదరంగు ఆకులు, నడుం ఎత్తు పొదలు, ఒక్కో పొద నడినెత్తిన ఒక్కో ఊదారంగు ముళ్ల మొగ్గ. ఆ తలమొగ్గను లేతగా ఉండగానే కోసెయ్యాలి. కోస్తేనే పక్కకొమ్మలు లేచి జూన్ దాకా కాపు కాస్తాయి. తలమొగ్గను వండరు. పచ్చిదాన్నే సన్నగా తరిగి, ఉప్పూ నూనే కలిపి తింటారు. మొక్కకు ఏడాదికి ఒక్కటే. అమ్ముకునేవాళ్లు అమ్ముకుంటారు గాని నోర్మా ఏనాడూ అమ్మలేదు, పంచేది.

ఏప్రిల్ మొదటివారంలో ఓరెస్తె రోజుకు పదిసార్లు తోటలోకి వెళ్లి వచ్చేవాడు. కాఫీ పొయ్యి మీద పెట్టి వెళ్లేవాడు, అది పొంగి పొయ్యి ఆరిపోయేది. గెడ్డం సగం గీసుకుని వెళ్లేవాడు. మొగ్గ నిన్నటికంటే పెరిగిందా లేదా అని వేళ్లతో కొలిచి చూసేవాడు. ఆ వెంటనే ఫోను.

“ఏమే, ఎంతైతే కొయ్యాలి?”

“కోడిగుడ్డంత.”

“మన కోడిదా, పక్కింటి తార్చీజియో వాళ్ల కోడిదా? వాళ్లవి పిట్టగుడ్లు.”

“నీ బుర్రంత అయ్యేదాకా ఆగకు, చాలు. పిడికిలి బిగించినట్టు ఉండాలి. రేకు విడిందంటే పీచు పడుతుంది.”

“అన్నీ ఒకేసారి కోసేస్తే?”

“ఒకేసారి ఎలా అవుతాయయ్యా? నీ లాంచీ ఎక్కే జనమా, గంట కొట్టగానే లైన్లో నుంచోడానికి? ఒక్కో మొక్కది ఒక్కో రోజు.”

అలా ఆగడం అతని ఒంట్లో లేదు. మూడోరోజు మూడు మొగ్గలు కోసి, జేబులో వేసుకుని, పడవ మారి లీదో వెళ్లి ఆమె దుప్పటి మీద పెట్టాడు. నోర్మా వాటిని అరచేతిలో దొర్లించి చూసి పకపకా నవ్వింది. పక్క మంచం ఆవిడకు కూడా చూపించింది.

“చూడండమ్మా, మా ఆయన పురిటి పిల్లల్ని ఎత్తుకొచ్చాడు. ఇంకా కళ్లన్నా తెరవలేదు.”

తర్వాత దక్షిణం గాలి తిరిగింది. రెండురోజులు వెచ్చగా, జిడ్డుగా వీచింది. మొగ్గలు ఒక్క ఉదుటున లేచాయి. మంగళవారం పొద్దున ఓరెస్తె ఏటవాలుగా కత్తి వేసి, కిందున్న రెండాకులతో సహా నలభై రెండు కోశాడు. వేళ్లన్నీ నల్లబడ్డాయి. అవి గంపలో పేర్చి, గెలిచినవాడిలా ఫోను చేశాడు.

“ఇప్పుడు చెప్పు. ఎవరెవరికి?”

ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పక్కింటి తార్చీజియోకి ఆరు. ఫాదరుగారికి ఐదు, ఆయనకు పళ్లు లేవు కాబట్టి బాగా లేతవి. రేవు దగ్గర టికెట్లమ్మాయికి నాలుగు. తన కాలికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకి ఎనిమిది. ఆసుపత్రిలో తనకీ, పక్క మంచానికీ కలిపి ఐదు. ఇంట్లోకి నాలుగు.

ఓరెస్తె లెక్క చూసుకున్నాడు. “ఇంకా పది మిగిలాయి.”

“ఆ పదీ తడిగుడ్డ చుట్టి తోట చివర కాలవగట్టు మీదున్న చెక్కపెట్టెలో పెట్టు. గురువారం పొద్దున్నకి ఉండాలి.”

“ఎవరికి?”

“ఉన్నార్లే ఒకళ్లు.”

“ఆ ఒకళ్లకి పేరు లేదా?”

“ఉంది. నీకెందుకు? ముప్పై ఏళ్లు మోసిన జనంలో ఎంతమంది పేర్లడిగావ్?” అని ఫోను పెట్టేసింది.

అంతటితో అతని మనసు మనసులో లేకుండా పోయింది. ఐదో, ఆరో అయితే పట్టించుకునేవాడు కాదు. పది! ఫాదరుగారికే ఐదు ఇచ్చిన మనిషి, పేరు చెప్పకూడని వాళ్లకు పది ఇస్తుందా? బుధవారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తార్చీజియో తన మొక్కల మొదట్లో ఎండిన పీతపెంకులు చల్లుతుంటే కంచె మీద వాలాడు.

“మా ఆవిడ కాలవగట్టు మీద మొగ్గలు పెట్టమంది ఎవరికిరా?”

తార్చీజియో మట్టిలోకే చూస్తూ అన్నాడు. “నాకు చెవుడురా, ఓరెస్తె.”

“నిన్నటిదాకా లేదుగా?”

“ఇప్పుడే వచ్చింది.”

గురువారం ఓరెస్తె పెట్టెలో పది మొగ్గలు పెట్టి, పనిముట్ల పాక వెనక నిలబడ్డాడు. నిలబడడమంటే నిలబడడమా? కాలు మార్చాడు, గోడకు ఆనాడు, పలక ఊడిన చోటునుంచి తొంగిచూశాడు. తొమ్మిది దాటాక గట్టు మీద సైకిలు చప్పుడైంది. అరవై దాటిన ఆడమనిషి దిగింది. హ్యాండిలుకున్న మూతబకెట్టు తీసి పెట్టె పక్కన పెట్టింది. పెట్టె తెరిచి, మొగ్గలు సంచిలో వేసుకుంది.

ఆమె ఇనేస్. ఓరెస్తెకు డనీలో అని తమ్ముడున్నాడు, అతని భార్య.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కిందట ఈ తోట అన్నదమ్ముల తల్లి పీయా చేతిలో ఉండేది. ఆ ఏడు నవంబరులో పెద్ద పోటు వస్తుందని పొద్దున్నే హెచ్చరించారు. గట్టు కింద తూము తలుపు దించే వంతు ఆరోజు డనీలోది. ఓరెస్తె లాంచీ మీద ఉన్నాడు. డనీలో తలుపు దించలేదు. కయ్య నీళ్లు కాలవలోంచి తోటలోకి పొంగి, రెండురోజులు మోకాలెత్తున నిలిచాయి. ఆర్టిచోక్ ఉప్పుగాలికి బతుకుతుంది గాని ఉప్పునీళ్లలో నిలబడి బతకదు. తల్లి నలభై ఏళ్లుగా పిలక మీద పిలక నాటి నిలబెట్టుకున్న మొక్కలు ఒక్కటి మిగలకుండా కుళ్లిపోయాయి. ఆ తడిలో తిరిగి ఆమెకు దగ్గు పట్టుకుంది, ఫిబ్రవరిలో పోయింది. సమాధి దగ్గర, లంక లంకంతా వింటుండగా, ఓరెస్తె తమ్ముడి ముఖం మీద “అమ్మను నువ్వే చంపావు” అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాలుగు కిలోమీటర్ల లంకలో పదిహేనేళ్లు ఎదురుపడకుండా బతకడం తేలికేం కాదు. వాళ్లు బతికారు.

ఓరెస్తె పాక వెనకనుంచి ఇవతలికి వచ్చాడు. ఇనేస్ అదిరిపడి, అంతలోనే తేరుకుంది.

“బావగారూ! దొంగలా ఆ దాక్కోవడమేంటి?”

“దొంగ ఎవరు? నా తోటలో చెయ్యి పెట్టింది నువ్వు.”

“నేను పెట్టింది బకెట్టు. అక్క ఎలా ఉంది? నిన్న ఫోనులో గొంతు కొంచెం నీరసంగా ఉంది.”

“నిన్ననా? రోజూ మాట్లాడుకుంటారా?”

ఇనేస్ సైకిలెక్కింది. “పీతలు ఎండలో పెట్టకండి. చచ్చిపోతాయి,” అని వెళ్లిపోయింది.

ఓరెస్తె మూత తీశాడు. తడి నాచు కింద పెంకు వదిలిన మెత్త పీతలు కదులుతున్నాయి. ఏటా వసంతంలో నోర్మా పిండిలో ముంచి వేయించి పెట్టే పీతలు. పక్క లంక బురానోలో ఒక ముసలావిడ దగ్గర కొంటున్నానని చెప్పేది. డనీలో వృత్తి పీతల వేట. ఈ రెండు సంగతులూ పదిహేనేళ్లలో ఒక్కసారైనా అతని బుర్రలో ఒకదాన్నొకటి తాకలేదు.

బకెట్టు పట్టుకుని అలాగే లాంచీ ఎక్కేశాడు. నుంచున్న చోట నుంచోలేక, ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ తిరిగాడు. బకెట్లో పీతలు గరగరమంటుంటే పక్కవాళ్లు కాళ్లు దగ్గరకు లాక్కున్నారు. లీదోలో నోర్మా నడక చట్రం పట్టుకుని వరండాలో అడుగులు వేస్తోంది.

“ఇవేంటి?” అన్నాడు బకెట్టు ఎత్తి.

“పీతలు. మూత వెయ్యి. నర్సు చూసిందంటే ఇద్దర్నీ గెంటుతుంది.”

“పదిహేనేళ్లుగానా?”

“పధ్నాలుగు. మొదటేడు మొగ్గలెక్కడివి ఇవ్వడానికి?”

“నా ఇంట్లో, నా కంచంలో, వాడు పట్టిన పీతలు!”

“తిన్నన్నాళ్లూ వేళ్లు నాక్కుంటూ తిన్నావు. బురానో ముసలావిడ చేతికి బంగారు కడియం చేయించాలన్నావు. బురానోలో నాకు తెలిసిన ముసలావిడ ఎవరూ లేరయ్యా.”

“నన్ను వెధవని చేశావు.”

“నిన్నా? నువ్వు మాట్లాడనని ఒట్టేసుకున్నావు, నేను వెయ్యలేదు. తోడికోడలు నాకేం అపకారం చేసింది?” ఆమె ఆగి, చట్రం మీద బరువు మార్చుకుంది. “ఇంకోటి కూడా చెప్పేస్తాను. కాలు విరిగాక దాచిపెట్టే ఓపిక పోయింది. ఆ మొక్కలు మజోర్బో నర్సరీలో కొన్నానన్నానే, కొనలేదు. డనీలో ఇచ్చాడు.”

“ఏం మొక్కలు?”

“అన్నీ. నూటపదీ. మీ అమ్మ, పోటుకు రెండేళ్ల ముందు, వాడి తోటకు పిలకలిచ్చింది. వాడిది మెరక, నీళ్లు ఎక్కలేదు. ఆవిడ పోయాక వాడు ఆ మొక్కల పిలకలే తవ్వి బండిలో పంపించాడు. నువ్వు లాంచీ మీదున్నావు. నేనూ ఇనేసూ నాటాం.”

ఓరెస్తె బకెట్టు అక్కడే వదిలేసి, మెట్లు దిగి రేవుకు వచ్చాడు. వచ్చిన లాంచీ ఎక్కాడు. దిగాల్సిన చోట దిగలేదు. చుట్టు మొత్తం తిరిగి మళ్లీ లీదో వచ్చినా దిగలేదు. సరంగు గది వెనక నిలబడి, కుర్ర సరంగు చక్రం తిప్పే తీరు చూస్తూ, తన చేతులు జేబుల్లో పిడికిళ్లు బిగించుకుని అలాగే రెండుసార్లు తిరిగాడు.

శుక్రవారం తోటలోకి వెళ్లలేదు. శనివారమూ వెళ్లలేదు. కోయాల్సిన మొగ్గలు రేకులు విప్పుతున్నాయని తెలుసు. కిటికీ మూసుకున్నాడు, అయినా తెలుస్తూనే ఉంది. ఆదివారం పొద్దున పార తీసుకుని బయటికి వచ్చాడు. మొదటి వరసలో మొదటి మొక్క మొదట్లో పార దింపి, కాలితో తొక్కి, పైకెత్తాడు. మొక్క పక్కకు ఒరిగింది. వేళ్లు పటపటా తెగాయి.

“ఒరేయ్! ఒరేయ్! ఏం చేస్తున్నావ్?” కంచె అవతల తార్చీజియో కేక వేశాడు. “పిలకలు తీసేది అక్టోబరులోరా! మొగ్గ మీదున్న మొక్కను తవ్వుతారట్రా ఎవరైనా?”

“నీకు చెవుడు కదా!”

“కళ్లున్నాయి!”

ఓరెస్తె పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొక్క మొదట్లో అరడజను పిలకలు, వేలెడంతవి, తెల్లగా బయటపడ్డాయి. అవి ఎవరి చేతి మీదుగా వచ్చాయో ఇప్పుడు తెలుసు. ఎవరి మీద కోపమో మాత్రం తెలియలేదు. పీకిన వేళ్ల మీద మట్టి కప్పి, కాలితో అదిమి, రెండు చెంబుల నీళ్లు పోశాడు. మధ్యాహ్నానికి ఆ మొక్క ఆకులు గుడ్డపేలికల్లా వేలాడిపోయాయి. అప్పుడిక అతను ఇంట్లో ఉండలేకపోయాడు. మిగిలినవాటిలో ఇంకా విడని మొగ్గలు ఏరి కోసి, సంచిలో వేసుకుని, లంక అవతలి కొసకు నడిచాడు.

డనీలో తన పాకలో తొట్టి ముందు కూర్చుని పీతలు ఏరుతున్నాడు. ఒక్కోదాన్ని ఎత్తి, బొటనవేలితో పెంకు అంచు తడిమి, ఇవాళ పెంకు వదిలేది ఒక తట్టలో, రేపు వదిలేది ఇంకో తట్టలో వేస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు. జుట్టంతా తెల్లబడింది. అన్నను చూసి, మళ్లీ పీతల్లోకి తల దించుకున్నాడు.

“వెలుగుకు అడ్డం వస్తున్నావు. రా లోపలికి. పెట్టె ఉంది, కూర్చో.”

ఓరెస్తె కూర్చోలేదు. “ఆరోజు ఎక్కడున్నావు?” అన్నాడు.

ఏరోజని డనీలో అడగలేదు. “సారాకొట్లో. పేకాట.”

“పోటు వస్తుందని తెలుసుగా?”

“తెలుసు. ఇంకొక్క ఆట ఆడి లేద్దామనుకున్నాను. ఆ తర్వాత మర్చిపోయాను.”

“మర్చిపోయావా!”

“మర్చిపోయాను.” డనీలో చేతులు ఆగలేదు. “దానికి ఇంకో మాట ఉంటుందని పదిహేనేళ్లు నువ్వు వెతుకుతున్నావు. నేనూ వెతికాను. లేదన్నా.”

ఓరెస్తె తొట్టి అవతలికి నడిచాడు, ఇవతలికి నడిచాడు. “అమ్మ ఏమంది?”

“తిట్టింది. దగ్గొచ్చి ఆగి, మళ్లీ తిట్టింది. పోవడానికి నాలుగురోజుల ముందు, తనిచ్చిన మొక్కలు నా దగ్గర బతికే ఉన్నాయా అనడిగింది. ఉన్నాయన్నాను. అయితే పెద్దాడికి ఇవ్వు, ఇచ్చేది నువ్వని చెప్పకు, చెబితే పీకేస్తాడు అంది.”

ఓరెస్తె పెట్టె మీద కూర్చున్నాడు. పొద్దున తను తవ్విన మొక్క సంగతి చెబుదామనుకుని చెప్పలేకపోయాడు. ఇనేస్ లోపలినుంచి వచ్చి, అతని చేతిలోని సంచి తీసుకుంది. కాసేపటికి పళ్లెంలో మొగ్గల తరుగు తెచ్చింది, నూనె, ఉప్పు, మిరియంపొడి. ముగ్గురూ చేతుల్తోనే తిన్నారు.

“నోర్మా ఇంతకన్నా సన్నగా తరుగుతుంది,” అన్నాడు ఓరెస్తె.

“ముదిరిపోయాక తెచ్చి సన్నగా తరగలేదంటారేంటి బావగారూ! నమలండి,” అంది ఇనేస్.

ఆరోజు ఇంకేం జరగలేదు. కౌగిలించుకోలేదు, ఏడవలేదు. లేచి వెళ్లేటప్పుడు ఓరెస్తె గుమ్మంలో ఆగి, నోర్మాను మే మూడున పంపిస్తారని చెప్పాడు. తన పడవ సన్నం, చట్రం పట్టుకున్న మనిషి అందులోకి దిగలేదన్నాడు.

“నాది వెడల్పు,” అన్నాడు డనీలో.

మే మూడున డనీలో పడవ మధ్యలో చేతుల కుర్చీ తాళ్లతో కట్టారు. నోర్మాను ఇద్దరూ చెరో పక్క పట్టి దించారు. ఆమె ఒళ్లో సంచి పెట్టుకుని, దొరసానిలా కూర్చుంది. పడవ రేవు దాటిందో లేదో మొదలైంది.

“ఎడమకి పట్టరా, గుంజలకు మరీ దగ్గరగా పోతున్నావు.”

“ఇది నా పడవ.”

“ముప్పై మూడేళ్లు ఇక్కడ—”

“లోతునీళ్లలో తిరిగావు. నేను తిరిగేది మోకాలులోతు బురద పర్రల్లో.”

“అయితే ఈపాటి నీళ్లుండగా గుంజలెంబడి అంత చుట్టు ఎందుకు? పర్ర మీదుగా కోసుకుపోతే అరగంట కలిసొస్తుంది.”

“నీళ్లు చాలవు.”

“చాలతాయి. ఇలా ఇవ్వు.” ఓరెస్తె తమ్ముడి చేతికిందనుంచి చుక్కాని లాక్కున్నాడు.

“మీరిద్దరూ మాట్లాడుకోని రోజులే హాయిగా ఉండేవి,” అంది నోర్మా.

నాలుగు నిమిషాల తర్వాత పడవ అడుగు మెత్తగా, పొడుగ్గా ఒకసారి నిట్టూర్చి ఆగిపోయింది. ఓరెస్తె ఇంజన్ వెనక్కి తిప్పాడు. నల్లటి బురద గిలకొట్టుకుంది గాని పడవ కదల్లేదు. తెడ్డు దింపి నెట్టాడు, తెడ్డు బురదలో దిగబడిపోయింది. అటుకేసి వెళ్లాడు, ఇటుకేసి వచ్చాడు, పడవ ఊగింది, నోర్మా కుర్చీ పట్టుకుని తిట్టింది. సరిగ్గా అప్పుడే గుంజల అవతల లోతునీళ్లలో రేవు లాంచీ పోతోంది. కుర్ర సరంగు చూశాడు. ముందు నమ్మలేదు. తర్వాత రెండుసార్లు హారన్ కొట్టి, టోపీ తీసి ఊపాడు. లాంచీలో జనమంతా ఈ పక్కకు చేరి చూశారు.

ఓరెస్తె ముఖం కందగడ్డయింది.

పోటు తిరగడానికి ఇంకా గంటన్నర ఉంది. చేసేదేమీ లేదు. డనీలో పడవ అంచు మీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. అన్నకేసి చూడకుండా, నీళ్లకేసి చూస్తూ అన్నాడు.

“ఈసారి మాత్రం నేను కాదు.”

ఓరెస్తె చుక్కాని దగ్గరనుంచి లేచాడు. ముందుకు రెండడుగులు వేశాడు. ఇంకా నడవడానికి పడవలో చోటు లేదు. తమ్ముడి పక్కన, అంచు మీద కూర్చున్నాడు.

“కాదు,” అన్నాడు. “నేనే.”

డనీలో సిగరెట్టు పెట్టె అతనికేసి జరిపాడు. ఓరెస్తె సిగరెట్లు మానేసి పదేళ్లయింది. అయినా ఒకటి తీసుకుని, వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఎండెక్కింది. నోర్మా తలకు రుమాలు కట్టుకుని, కోళ్లెన్ని గుడ్లు పెడుతున్నాయో, వంటింటి కిటికీ రెక్క బాగుచేశాడో లేదో, ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. అతను జవాబులు చెబుతూనే, నిమిషానికోసారి వంగి, పడవ పక్కన నీళ్ల గీత ఎంతదాకా వచ్చిందో చూసుకుంటున్నాడు.

“అస్తమానం చూస్తే పోటు త్వరగా వస్తుందా?” అన్నాడు డనీలో.

“రాదు,” అని ఓరెస్తె మళ్లీ వంగి చూశాడు.